నాపబండల దిబ్బ, నీళ్ళలోని గుట్ట: జలాశయంలో రెండు ఆహార జాలాలను పోల్చి చూడటం ఎలా?

జలాశయం అడుగున బండలు పేర్చి వేస్తే నెల తిరిగేసరికి చేపలు చేరతాయి. అందులో వింతేమీ లేదు. నీడ దొరికింది, వాలుగ నోటికి అందని సందు దొరికింది, వచ్చాయి. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ చేపలు అక్కడే తిని పెరుగుతున్నాయా, లేక ఎక్కడో తిని ఇక్కడ తలదాచుకుంటున్నాయా? మొదటిదైతే మీ దిబ్బ జలాశయానికి కొత్తగా చేపలనిచ్చింది. రెండోదైతే చెల్లాచెదురుగా తిరిగేవాటిని ఒకచోట పోగేసి వలకు పని సులువు చేసింది, అంతే. సముద్రంలో చేపల కోసం వేసే దిబ్బలు, అంటే కృత్రిమ రీఫ్‌ల మీద దశాబ్దాలుగా నడుస్తున్న వాదన కూడా ఇదే. తలలు లెక్కపెడితే ఇది తేలదు. ఎవరు ఎవరిని తింటున్నారో, అంటే ఆహార జాలాన్ని చూడాలి, అదీ పక్కనే ఉన్న సహజమైన రాతిచోటుతో కలిపి చూడాలి.

కడప జిల్లాకు సముద్రం లేదు. గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్ జలాశయాలు ఉన్నాయి. సముద్రపు రీఫ్‌కు వాడే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. పగడాల బదులు బండ మీది పాచి, పీతల బదులు రొయ్యలు, పురుగులు. జంతుశాస్త్రంలో పీజీ ప్రాజెక్టు చేసేవాళ్ళకు ఒక ఏడాది సమయం, నీళ్ళు తెలిసిన పుట్టివాడు, ఐసోటోప్ పరీక్షలకు కొంత డబ్బు ఉంటే ఈ పని అవుతుంది. కార్బన్, నైట్రోజన్‌లలో బరువైన రకం అణువులు కొన్ని ఉంటాయి; వాటి పాలు తిండి నుంచి తిన్నవాడి ఒంట్లోకి గుర్తులా చేరుతుంది, ఐసోటోప్ పరీక్ష కొలిచేది దాన్నే. కింద గండికోటను దృష్టిలో పెట్టుకుని చెప్పాం. మీ జలాశయం వేరైతే రాయి, నీటిమట్టం మాత్రం మళ్ళీ చూసుకోండి.

చోట్లు ఎంచుకోవడం

సహజమైన రాతిచోట్లు మూడు, మీరు కట్టే దిబ్బలు మూడు, ఏమీ లేని బురదనేల చోట్లు మూడు కావాలి. బురదనేల ఎందుకంటే, అది లేకపోతే దిబ్బ దగ్గర కనిపించింది దిబ్బ వల్లా, జలాశయమంతా అంతేనా అన్నది చెప్పలేరు. మూడు రకాలనూ ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా కలిపి పెట్టండి. రాతిచోట్లన్నీ ఆనకట్ట వైపు, దిబ్బలన్నీ వాగు కలిసే వైపు పెడితే మీరు పోల్చేది రాళ్ళను కాదు, జలాశయం రెండు చివరలను.

లోతు, వెలుతురు సమానంగా ఉండాలి. బండ మీద పాచి పెరగాలంటే ఎండ తగలాలి. 20 సెం.మీ. వెడల్పున్న రేకును నాలుగు భాగాలు చేసి తెలుపు, నలుపు మార్చి మార్చి వేసి తాడుతో దించండి. కనుమరుగయ్యే లోతుకు సుమారు రెండున్నర రెట్ల దాకా పాచికి చాలినంత వెలుగు ఉంటుందని మోటు లెక్క. పెన్నా లోయలో ఇంకో సంగతి మరవకూడదు. గట్టు నీడ సగం పూట ఒక ఒడ్డు మీదే ఉంటుంది. రాతిచోటు నీడ ఒడ్డున, దిబ్బ ఎండ ఒడ్డున పడితే పాచిలో వచ్చిన తేడా మొత్తం సూర్యుడిదే అవుతుంది.

నీటిమట్టం ఇంకా పెద్ద చిక్కు. గత కొన్నేళ్ళలో మే నెల మట్టం ఎంత, నిండినప్పుడు ఎంత అన్నది ప్రాజెక్టు ఇంజనీర్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి అడిగేది కూడా అక్కడే, మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో కూడా. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం తేదీలు అప్పుడే రాసుకోండి. ఆ తర్వాత మత్స్యకారుల సంఘం. వాళ్ళకు చెప్పకుండా దిబ్బ వేస్తే వాళ్ళ వలలు చిక్కి చిరుగుతాయి. గుర్తు పెడితే అందరూ అక్కడే వల వేస్తారు. కాబట్టి గుర్తు పెట్టి, ప్రయోగం ముగిసేదాకా అక్కడ వల వేయబోమన్న మాట సంఘం పెద్దల దగ్గర తీసుకోవడమే దారి.

దిబ్బ కట్టడం

మన దగ్గర చవకగా దొరికేది నాపరాయి. గనుల దగ్గర విరిగిన బండలు గుట్టలుగా పడి ఉంటాయి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ 25 కిలోలు తూగుతుంది. ఒక పేర్పుకు 10 బండలు, ఒక దిబ్బకు నాలుగు పేర్పులు. అంటే దిబ్బకు టన్ను రాయి, మూడు దిబ్బలకు 120 బండలు. పాలిష్ చేసినవి వద్దు, పాచి సరిగా పట్టదు. బండకూ బండకూ మధ్య అదే రాయి ముక్కలు పెట్టి కింద వరసల్లో 5 సెం.మీ., పైన 10 సెం.మీ. సందు వదలండి. సన్న సందుల్లో రొయ్యలు, పరిగెలు చేరతాయి. వెడల్పు సందుల్లో జెల్లలు. అన్నీ ఒకే కొలతైతే ఒకే సైజు చేపలు వస్తాయి. పేర్పును నిలువునా, అడ్డంగా 8 మి.మీ. నైలాన్ తాడుతో బిగించండి.

పాత టైర్లు వాడకండి. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సుమారు 20 లక్షల టైర్లతో ఒక రీఫ్ వేశారు. కట్లు తెగి టైర్లు కొట్టుకుపోయి పక్కనున్న సహజ పగడాలనే దెబ్బతీశాయి. సిమెంటు రింగులు వాడాలనుకుంటే కనీసం నెలరోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మార్చి పారబోయండి. పచ్చి సిమెంటు నుంచి సున్నం ఊరి చుట్టూ పీహెచ్ పెరుగుతుంది, మొదట చేరవలసిన పాచి చేరదు.

250 కిలోల పేర్పును పుట్టిలో తీసుకెళ్ళి దించాలని ఎవరూ ప్రయత్నించకూడదు. పుట్టి తిరగబడుతుంది. మే నెలలో నీళ్ళు దిగిపోయినప్పుడు బయటపడ్డ నేల మీదే కట్టేయండి, వానలు వచ్చాక నీళ్ళే వచ్చి ముంచుతాయి. ఏ గట్టు మీద కట్టాలన్నది ఇంజనీర్లిచ్చిన మట్టాలను బట్టి తేల్చుకోండి: ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాని మీద 2 నుంచి 4 మీటర్ల నీళ్ళు నిలవాలి. మరీ కిందికి కడితే జలాశయం నిండాక చీకటి, మరీ పైకి కడితే నమూనాలు తీసే వేళకు ఎండలో ఉంటుంది. సహజమైన రాతిచోటును కూడా సరిగ్గా అదే మట్టంలో ఎంచుకోండి.

కట్టకుండానే దొరికే దిబ్బలూ ఉన్నాయి. గండికోట నీళ్ళలో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు గోడలు, శ్రీశైలం వెనుక జలాల్లో మునిగి వేసవిలో మాత్రమే బయటపడే సంగమేశ్వరం రాతికట్టడం, చేప దృష్టిలో ఇవన్నీ కృత్రిమ రీఫ్‌లే. కానీ సంగమేశ్వరం గుడి. దాని రాయి గీకే ఆలోచనే పెట్టుకోకూడదు. ఊరి గోడల మధ్య ఇనుము, గచ్చు, ఎరువు దిబ్బల మట్టి కలిసి ఉంటాయి, పైగా అక్కడ నీళ్ళలోకి దిగడం ప్రాణాపాయం. పైనుంచి వల వేసి చేపలను చూడటానికి మాత్రమే పనికొస్తాయి.

ఆగడం

తొందరపడేవాళ్ళు ఇక్కడే పాడుచేసుకుంటారు. మునిగిన మూడు నాలుగు వారాలకే పాచి పడుతుంది, తర్వాత పురుగులు, నత్తలు. చేపలు అంతకన్నా ముందే వచ్చేస్తాయి. కానీ చేప కండ మారడానికి నెలలు పడుతుంది. అక్టోబరులో పట్టిన చేప కండలో ఉన్నది జూన్, జూలైలలో అది వేరేచోట తిన్న తిండి. కాబట్టి అసలు నమూనాలు మునిగిన ఆరు నెలల తర్వాతే తీయండి. ఆగస్టులో మునిగితే ఫిబ్రవరి చివర.

ఈ మధ్యలో నెలకోసారి వెళ్ళి లోతు, నీటి వేడి, రేకు కనుమరుగయ్యే లోతు రాసుకోండి. గాలేరు-నగరి కాలువ నుంచి కృష్ణా నీళ్ళు గండికోటలోకి ఏ రోజు వచ్చాయో, ఏ రోజు ఆగాయో తప్పక రాయండి. పెన్నా వరదకూ కృష్ణా నీటికీ నైట్రోజన్ గుర్తు ఒకటిగా ఉండనవసరం లేదు. నీళ్ళు మారిన వారానికే నమూనా తీస్తే నీటిలో తేలే నాచు కొత్త గుర్తుతో, చేప పాత గుర్తుతో ఉంటాయి. రెంటినీ కలిపి లెక్క వేస్తే అర్థంలేని అంకె వస్తుంది.

ఏం తీయాలి, ఎంత తీయాలి

ఆహార జాలాన్ని అడుగు నుంచి పైకి పట్టాలి. అడుగున రెండు వంటశాలలున్నాయి: బండ మీది పాచి, నీళ్ళలో తేలే నాచు. చేప ఏ వంటశాల తిండి తింటోందన్నదే మన ప్రశ్నకు జవాబు.

పాచికి: 10 సెం.మీ. చదరం తీగ చట్రం బండ మీద పెట్టి, కొత్త నైలాన్ బ్రష్‌తో గీకి, డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బాలోకి కడగండి. తేలే నాచుకు: లీటరు నీళ్ళను ముందు 63 మైక్రాన్ల జల్లెడలో పోసి జంతుప్లవకాలను (నీటిలో తేలే అతిచిన్న జంతువులను) తీసేయండి, మిగిలిన నీటిని గాజుపీచు ఫిల్టర్ గుండా పంపండి. ఆ ఫిల్టర్లను ముందే 450 డిగ్రీల దగ్గర 4 గంటలు కాల్చి ఉంచాలి, లేకపోతే వాటికి అంటిన కార్బన్ కూడా లెక్కలోకి వస్తుంది.

తర్వాత ఈ రెండు వంటశాలలకు ప్రతినిధులు. పాచి, నాచు వారం వారం మారిపోతాయి. వాటిని తిని నెలల తరబడి బతికే జీవులు ఆ మార్పులన్నిటి సగటును తమ ఒంట్లో ఉంచుకుంటాయి. తేలే నాచుకు నీటిని వడగట్టి తినే మంచినీటి ఆల్చిప్ప, పాచికి గీకి తినే నత్త. నత్తను ఎంచుకోవడంలో జాగ్రత్త: మన చెరువుల్లో విరివిగా దొరికే బెల్లమ్యా నత్త గీకి తినడమే కాదు, నీటిని వడగట్టి కూడా తింటుంది. అది రెండు వంటశాలల మనిషి, ప్రతినిధిగా పనికిరాదు. పలచని గుల్ల ఉండే లిమ్నియా జాతి నత్తలు తీసుకోండి. రాళ్ళ మీద ఆల్చిప్ప దొరకదు. దగ్గరి బురదలో వెతకండి.

చేపల ఎంపికలో అందరూ బొచ్చె, రోహుల వైపు పోతారు. వద్దు. వాటిని పిల్లలుగా బయటి చెరువుల్లో తవుడు, చెక్క పెట్టి పెంచి జలాశయంలో వదులుతారు. కొత్తగా వదిలిన చేప కండలో ఆ చెరువు మేత గుర్తే ఉంటుంది. జలాశయంలోనే పుట్టి పెరిగేవి కావాలి: పరిగెలు, జెల్లలు, తిలాపియా. అన్ని చోట్లా దొరికే రెండు జాతులు ఎంచుకుని, రెండు వైపులా ఒకే పొడవున్నవి పట్టండి. చిన్నప్పుడు పురుగులు తిని పెద్దయ్యాక చేపలు తినే జాతిలో 8 సెం.మీ. చేపను 16 సెం.మీ. చేపతో పోలిస్తే తేలేది వయసు తేడానే. వల తెల్లవారుజామున వేసి రెండు గంటల్లో తీయండి. రాత్రంతా ఉంచితే కడుపులో తిన్నది అరిగిపోతుంది, మిగిలిందాన్ని రొయ్యలు కొరికేస్తాయి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పుట్టి ఎక్కకూడదు.

లెక్క ఇలా పెట్టుకోవచ్చు. ఒక్కో చోట పాచి 2, నాచు 2, ఆల్చిప్పలు 3, నత్తలు 3, రొయ్యలు 3, చేపలు రెండు జాతులు అయిదేసి, మొత్తం 23. రాతిచోట్లు, దిబ్బలు కలిపి ఆరు చోట్లకు 138. పదింటికొకటి చొప్పున రెండోసారి పరీక్షకు 14 కలిపితే 152. బురదనేల చోట్లు ఈ లెక్కలో లేవు, అక్కడ చేపలను లెక్కపెట్టి, కడుపులు చూస్తే చాలు. డబ్బు చాలకపోయినా చోట్లు తగ్గించకండి, ఒకే దిబ్బ నుంచి 50 చేపలు తీసినా అది ఒక్క దిబ్బ కథే.

చేప నుంచి వెన్నురెక్క కింది తెల్లకండ 2 గ్రాములు; తోలు, పొలుసు, ముల్లు రాకూడదు. నత్త, ఆల్చిప్పల పాదం కండ, రొయ్య తోకకండ. రక్తపురుగులు (దోమల్లాంటి చిరుఈగల ఎర్రని పిల్లపురుగులు) తీస్తే 15, 20 కలిపి ఒక నమూనా, అదీ శుభ్రమైన నీళ్ళలో ఒక రోజు ఉంచి పేగు ఖాళీ అయ్యాక. ప్రతి చేప నుంచి కాలేయం ముక్క విడిగా తీసి దాచండి, దాని పని చివర్లో ఉంది; పైన వేసిన లెక్కలో ఇవి లేవు. కడుపును 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. కండను మాత్రం ఆల్కహాల్‌లోగానీ ఫార్మలిన్‌లోగానీ వేయకూడదు, కార్బన్ గుర్తు మారిపోతుంది. కడప మార్చి ఎండకు మధ్యాహ్నానికే ఐస్ కరిగిపోతుంది. నమూనాల బరువుకు రెండింతల ఐస్ తీసుకెళ్ళి అదే రోజు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. చీటీ పెన్సిల్‌తో రాసి సంచి లోపల కూడా ఒకటి వేయండి.

సున్నపు చిక్కు

ఇది మన జిల్లాలో తప్పక ఎదురయ్యేది, అందుకే విడిగా చెప్పడం. గండికోట లోయ గోడలు ఇసుకరాయి గట్టిపడిన క్వార్ట్‌జైట్. నాపరాయి సున్నపురాయి. సున్నపురాయిలోని కార్బన్-13 (బరువైన రకం కార్బన్) విలువ, అంటే ఒక ప్రామాణిక పదార్థంతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అన్నది, సున్నాకు దగ్గర. పాచిది మైనస్ ఇరవైలలో ఉంటుంది. నాపబండ మీద పాచి గీకినప్పుడు రాతిపొడి కూడా వస్తుంది. పాచి అసలు విలువ మైనస్ 28 అనుకుందాం. మీ నమూనా కార్బన్‌లో 5 శాతం రాతిపొడిదైతే పరికరం చూపేది మైనస్ 26.6. క్వార్ట్‌జైట్ మీద ఈ తప్పు జరగదు. అంటే దిబ్బకూ రాతిచోటుకూ 1.4 తేడా ఉందని మీరు రాస్తారు, ఆ తేడా మీ బ్రష్ తెచ్చింది.

విరుగుడు: పాచి నమూనాను ఎండబెట్టి పొడి చేశాక రెండు భాగాలు చేయండి. ఒక భాగం మీద ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేయండి, బుడగలు ఆగేదాకా. మళ్ళీ ఎండబెట్టి కార్బన్‌కు పంపండి. రెండో భాగానికి ఆమ్లం తగలనీయకుండా నైట్రోజన్‌కు పంపండి, ఎందుకంటే ఆమ్లం నైట్రోజన్ విలువను చెడగొడుతుంది. రాతిచోటు పాచికి బుడగలు రాకపోయినా అదే పని చేయండి. గుల్ల ముక్క కలిసిన ఏ నమూనాకైనా ఇదే పద్ధతి. ఇంకా మంచి దారి, డబ్బుంటే, మూడు దిబ్బల్లో ప్రతిదానికీ రెండు గ్రానైట్ పలకలు జోడించి పాచిని వాటి మీదే గీకడం.

ఎండబెట్టి పంపడం

అన్నిటినీ 60 డిగ్రీల దగ్గర 48 గంటలు ఎండబెట్టి, రోలులో మెత్తని పొడి చేయండి; ఒక్కో నమూనా తర్వాత రోలును ఆల్కహాల్‌తో తుడవండి. జంతు కండ 0.5 నుంచి 1 మి.గ్రా., పాచి 2 నుంచి 4 మి.గ్రా. తగరపు గుళికలో వేసి మూస్తారు. ఇందుకు మైక్రోగ్రాము తూచే త్రాసు కావాలి. మీ కళాశాలలో లేకపోతే పొడిగానే పంపండి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల లాంటి చోట్ల ఈ పరికరాలున్నాయి. బయటి నమూనాలు తీసుకుంటారా, ఎప్పుడు అన్నది దిబ్బ కట్టకముందే ఉత్తరం రాసి తెలుసుకోండి.

ఫలితాలతో పాటు కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి కూడా ఇవ్వమనండి. కండలో అది 3.5 దాటితే కొవ్వు ఉన్నట్టు, కొవ్వు కార్బన్ విలువను కిందికి లాగుతుంది. అప్పుడు వచ్చిన విలువలోంచి 3.32 తీసేసి, నిష్పత్తిని 0.99తో హెచ్చించి కలపండి. మైనస్ 28 విలువ, 4.5 నిష్పత్తి ఉంటే సవరించిన విలువ మైనస్ 26.9. కాలేయానికి ఈ లెక్క సరిపోదు, అందులో కొవ్వు మరీ ఎక్కువ. క్లోరోఫాం రెండు వంతులు, మెథనాల్ ఒక వంతు కలిపిన ద్రావణంతో కొవ్వు తీసేసి కార్బన్‌కు పంపాలి.

లెక్క

ఊహించిన అంకెలతో చూద్దాం. కార్బన్: ఆల్చిప్ప మైనస్ 30, నత్త మైనస్ 24, చేప మైనస్ 25.5. నైట్రోజన్: ఆల్చిప్ప 7.0, నత్త 5.8, చేప 11.3.

పాచి వాటా అంటే, చేప కార్బన్ ఆల్చిప్ప నుంచి ఎంత దూరం జరిగిందో దాన్ని నత్త ఆల్చిప్ప నుంచి ఎంత దూరంలో ఉందో దానితో భాగించడం. 4.5ను 6తో భాగిస్తే 0.75. అయితే తిండి నుంచి తినేవాడికి ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ కార్బన్ సుమారు 0.4 పెరుగుతుంది. చేప వీటికంటే ఒకటిన్నర మెట్టు పైన ఉందనుకుంటే 0.6 తీసేయాలి, అప్పుడు వాటా 0.65. చిన్న సవరణలా ఉంటుంది గానీ వదిలేస్తే ప్రతి చేపా ఉన్నదానికంటే ఎక్కువగా దిబ్బ తిండి తిన్నట్టు కనిపిస్తుంది.

పోషక స్థాయికి, అంటే ఆహార గొలుసులో చేప ఎన్నో మెట్టు మీద ఉందో తేల్చడానికి: 5.8లో 0.65 వంతు, 7.0లో 0.35 వంతు కలిపితే పునాది 6.2. చేప 11.3లోంచి అది పోగా 5.1. ఒక మెట్టుకు నైట్రోజన్ సగటున 3.4 పెరుగుతుంది, 5.1ని 3.4తో భాగిస్తే 1.5. నత్త, ఆల్చిప్ప రెండో మెట్టు మీద ఉన్నాయి కాబట్టి చేప స్థాయి 3.5. పునాది ప్రతి చోటా అక్కడిదే వాడండి. ఊరి మురుగు కలిసే చోట అన్ని జీవుల నైట్రోజన్ పైకి జరుగుతుంది. ఒకే పునాది అన్నిటికీ పెడితే అక్కడి పరిగె కూడా వేటాడే చేపలా కనిపిస్తుంది.

ప్రతి నమూనానూ దాని కార్బన్, నైట్రోజన్ విలువలతో ఒక బిందువుగా గీసి మొత్తం జాలం వెడల్పు పోల్చాలంటే, గణాంకాలకు వాడే ఆర్ (R) కంప్యూటర్ భాషలోని సైబర్ (SIBER) ప్యాకేజీ చాలు. బయటి బిందువులను కలిపి గీసే బహుభుజి వైశాల్యం నమూనాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది, కాబట్టి తక్కువ నమూనాలకు సవరించిన దీర్ఘవృత్త వైశాల్యం చూడండి.

ఫలితాన్ని చదవడం

ఇప్పుడు కాలేయం అవసరం వస్తుంది. కండ నెలల తిండిని చెబితే కాలేయం వారాల తిండిని చెబుతుంది. దిబ్బ చేపల కండ, కాలేయం రెండూ రాతిచోటు చేపల్లాగే పాచి వైపు ఉంటే అవి దిబ్బ మీద తిని పెరుగుతున్నాయి. రెండూ ఆల్చిప్ప వైపు ఉంటే చేపలు ఎన్ని ఉన్నా అది వాటికి నీడ మాత్రమే. కాలేయం పాచి వైపు, కండ ఆల్చిప్ప వైపు ఉంటే ఈమధ్యే వచ్చి తినడం మొదలుపెట్టాయి. ఆరు నెలలు ఆగాక కూడా ఇలా వస్తే పాతవి పోయి కొత్తవి వస్తున్నట్టు. అప్పుడు ముందు అడగాల్సింది సంఘం వాళ్ళను: దిబ్బ దగ్గర ఎవరైనా వల వేస్తున్నారా అని.

ఈ మాట చెప్పేముందు కడుపులు తెరిచి చూడండి. ఐసోటోప్ పాచి వైపు చూపినా కడుపు నిండా జంతుప్లవకాలే ఉంటే ఎక్కడో తప్పుంది. నత్త జాతి, సున్నం పొడి, కాలువ నీళ్ళ తేదీ, ఈ వరసలో వెతకండి. అందుకే పంపగా మిగిలిన పొడిని సీసాల్లో బిగించి, తేమ తగలకుండా, ప్రాజెక్టు ముగిసేదాకా పారేయకుండా ఉంచాలి.